అవతలి గట్టు దేవుడు

మాది నరసాపురం అంటే హైదరాబాద్‌లో చాలామంది వెంటనే "మెదక్ వైపుదా?" అని అడుగుతారు. కాదండీ. రైలు ఇక ముందుకు పోలేక ఆగిపోయే నరసాపురం మాది. భీమవరం నుంచి వచ్చే లైను పాలకొల్లు దాటి మా ఊళ్ళో అయిపోతుంది. ఆ తర్వాత వశిష్ఠ గోదావరి, దాని అవతల కోనసీమ, గోదారి వెంట కిందికి పోతే అంతర్వేది, సముద్రం. చిన్నప్పుడు మేము ప్రపంచం మా ఊరితో సరి అనుకునేవాళ్ళం. సముద్రం వైపు నుంచి వచ్చేవాళ్ళకి మా ఊరే మొదటి మెట్టు అన్న సంగతి తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది.

మా నాయనమ్మ పుట్టిల్లు అవతలి గట్టున, సఖినేటిపల్లికి దగ్గరలో ఒక పల్లెటూరు. మెట్టినిల్లు ఇవతలి గట్టు. కాబట్టి ఆవిడకి పుట్టింటికి వెళ్ళడమంటే గోదారి దాటడమే. మాధవాయిపాలెం రేవులో పంటు ఎక్కాలి. మనుషులూ, సైకిళ్ళూ, కొబ్బరికాయల బస్తాలూ, మేకలూ, లారీ ఉంటే లారీ, పెళ్ళివారుంటే బాజాలతో సహా అందరూ దాని మీదే. మధ్య గోదారిలోకి రాగానే నాయనమ్మ కొంగుముడి విప్పి ఒక చిల్లర డబ్బు నీళ్ళలో వేసి, అంతర్వేది ఉన్న దిక్కుకి తిరిగి దణ్ణం పెట్టేది. మమ్మల్నీ పెట్టమనేది. "ఎక్కడున్నాడే స్వామి? నీళ్ళే కదా కనబడుతున్నాయి" అంటే, "నీకు కనబడకపోతే ఆయనకి కనబడవేంట్రా" అనేది.

అంతర్వేది లక్ష్మీనరసింహస్వామిని ఆవిడ దేవుడిలా కాదు, పుట్టింటి తరపు పెద్దవాడిలా చూసేది. పండక్కి ఏదైనా కొనాలన్నా, ఎవరి పెళ్ళైనా కుదరాలన్నా, "అన్నయ్యగారి చెవిన వేశాను, చూద్దాం" అనేది. చాలాకాలం నేను నిజంగానే ఆవిడకి అంతర్వేదిలో ఓ అన్నయ్య ఉన్నాడనుకున్నాను.

మాఘమాసంలో రథసప్తమికి ఉత్సవాలు మొదలౌతాయి. దశమి రాత్రి కల్యాణం, భీష్మ ఏకాదశినాడు రథం. జనం ఇసకేస్తే రాలనంతగా వస్తారు. తీర్థంలో మాకు కావలసినవి జీళ్ళూ, ఖర్జూరాలూ, రంగులరాట్నం. నాయనమ్మకి కావలసింది వేరే. రథం గుడి దగ్గర కదిలి గుర్రాలక్క గుడి దాకా వెళుతుంది. అశ్వరూఢాంబిక అని పుస్తకాల్లో రాస్తారు గానీ మా వాళ్ళంతా గుర్రాలక్క అనే అంటారు. ఆవిడ స్వామికి చెల్లెలు. రక్తవిలోచనుడనే రాక్షసుడి నెత్తురు బొట్టు ఎన్ని ఇసుక రేణువుల మీద పడితే అంతమంది రాక్షసులు పుడతారని వరం ఉంటే, ఆ నెత్తురు నేల మీద పడకుండా నాలుక చాపి పట్టిందట. (ఈ కథ రాత్రిపూట చెప్పొద్దని మా అమ్మ ఎంత మొత్తుకున్నా నాయనమ్మ రాత్రే చెప్పేది.) అంత సాయం చేసిన చెల్లెలికి అన్నగారు ఏటా చీరా సారె పెట్టాలి. స్వామి తరఫున చెల్లెలికి సారె ఇచ్చే ఆ ఒక్క ముచ్చట కోసమే మా నాయనమ్మ అంత తొక్కిసలాటలో నిలబడేది.

ఎందుకో పెద్దయ్యాక అర్థమైంది. భూముల తగాదా వచ్చి ఆవిడ అన్నదమ్ములు సంక్రాంతికి చీర పెట్టడం మానేశారు. ఆ సంగతి ఎప్పుడూ నోరువిప్పి అనలేదు. ఒక్కసారి మాత్రం తీర్థం నుంచి తిరిగొచ్చేటప్పుడు పంటు మీద మా పెద్దత్తతో అంది: "మా వాళ్ళు మానేస్తే మానేశారు. ఆయన మాత్రం ఒక్క ఏడూ మానలేదే చెల్లెలికి." పెద్దత్త ఏమీ అనలేదు. నాకప్పుడు జీళ్ళ మీదున్న ధ్యాస ఆ మాట మీద లేదు.

ఆ గుడి కట్టించినాయన కూడా సముద్రం మనిషే. కొపనాతి కృష్ణమ్మ అని, అగ్నికులక్షత్రియుడు, ఓడల మీద వ్యాపారం చేసిన పెద్ద షావుకారు. ఇప్పుడున్న ఆలయం 1823లో పూర్తయింది. ఇక వంశపారంపర్య ధర్మకర్తలు మొగల్తూరు రాజులు. మొగల్తూరంటే ఇప్పటి పిల్లలకి కృష్ణంరాజు, చిరంజీవి పుట్టిన ఊరు. మా నాయనమ్మకి మాత్రం రథానికి మొదట చెయ్యి వేసే రాజులున్న ఊరు. ఓడలవాడు గుడి కడితే, రాజులు ధర్మకర్తలై, పల్లెవాళ్ళూ రైతులూ కలిసి రథం లాగుతారు. ఆ తాడు పట్టుకున్నప్పుడు పక్కనున్నది ఎవరని అడిగే తీరిక ఎవరికీ ఉండదు. మిగతా సంవత్సరమంతా మాత్రం బాగా తీరిక ఉండేది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మధ్యాహ్నం భోజనాలయ్యాక మా వీధంతా లేసు పనే. అరుగుల మీద, చావిళ్ళలో, ఆడవాళ్ళు గుంపులుగా కూర్చుని చేతిలో సూది, ఒళ్ళో దారపు ఉండ. ఏజెంటు వారానికోసారి వచ్చి దారం తూచి ఇచ్చి, చేసిన పని తూచి పట్టుకెళ్ళేవాడు. పువ్వులూ చుట్లూ విడివిడిగా అల్లడం చేతిపని. వాటన్నిటినీ ఒకటిగా కలిపి బల్లగుడ్డగానో, పడక మీద దుప్పటిగానో చేయడం అతుకుపని. నాయనమ్మది చేతిపని, పెద్దత్తది అతుకుపని. పొలం పనికి, బజారుకి వెళ్ళని ఘోషా ఇళ్ళ ఆడవాళ్ళు కూడా ఇంట్లో కూర్చుని చెయ్యగలిగిన పని అది. మగవాళ్ళు దాన్ని "ఏదో ఖాళీగా ఉండకుండా చేసుకుంటారు" అనేవారు. మా ఫీజులు, పుస్తకాలు, పండగ బట్టలు ఆ ఖాళీలోంచే వచ్చాయి.

నాయనమ్మ కుట్లు లెక్కపెట్టుకోడానికి అంకెలు వాడేది కాదు. ఒక్కో కుట్టుకీ ఒక "నరసింహా". ఎన్ని నరసింహాలకి పువ్వు తిరుగుతుందో ఆవిడకి తెలుసు. మధ్యలో ఎవరైనా పలకరిస్తే విసుక్కునేది, లెక్క పోయిందని. భక్తికి అడ్డమొచ్చిందనో, పనికి అడ్డమొచ్చిందనో మాకు తెలిసేది కాదు. ఆవిడకీ ఆ తేడా తెలుసని నేననుకోను.

ఈ లేసు మన పూర్వీకుల విద్య అని మేమనుకునేవాళ్ళం. పక్కింటి టీచరమ్మగారు ఒకసారి నవ్వి, "కాదు నాన్నా, మిషన్ దొరసానులు నేర్పారు. మా అమ్మమ్మ వాళ్ళ దగ్గరే నేర్చుకుంది" అని చెప్పింది. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీ ఇళ్ళ ఆడవాళ్ళు, ముందు క్రైస్తవం తీసుకున్న పేద ఆడపిల్లలకి నేర్పారు. అది వాళ్ళ దగ్గర్నుంచి వీధి వీధికీ పాకి, చివరికి మా ఇళ్ళలోకి వచ్చింది. దారం దొరలది, సూది దొరలది, కుట్టుకో నరసింహ మాత్రం మా నాయనమ్మది.

టీచరమ్మగారి వాళ్ళది బ్రదరన్ అనే క్రైస్తవ సంఘపు మందిరం. మా పక్క ఆ సంఘం పుట్టుక వినదగ్గది. 1836లో ఆంథనీ నోరిస్ గ్రోవ్స్ అనే ఆయన వెంట ఇంగ్లండ్‌లోని డెవన్ నుంచి విలియం బౌడెన్, జార్జి బీర్ అనే ఇద్దరు కుర్రాళ్ళు భార్యలతో సహా ఓడెక్కి వచ్చారు. పెద్ద చదువులవాళ్ళు కారు. ఒకాయన తాపీపని, ఒకాయన చెప్పులు కుట్టే పని చేసినవారు. మచిలీపట్నం మీదుగా వచ్చి, పాలకొల్లులో ఒకరు, నరసాపురంలో ఒకరు కాపురం పెట్టారు. గోదావరి డెల్టా మిషన్ అన్నది అలా మొదలైంది. వాళ్ళ మందిరంలో సిలువ కనబడదు, జీతం తీసుకునే పాస్టరు గారుండరు. ఆదివారం పొద్దున అందరూ చేరి రొట్టె విరిచి, ఎవరికి ప్రేరణ కలిగితే వాళ్ళు లేచి ప్రార్థన చేస్తారు. కీర్తనల పుస్తకంలో చాలా పాటల పైన రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. నాయనమ్మ అరుగు మీద కూర్చుని వింటూ, "ఇది మన హరిదాసు పాడే మట్టే" అని తేల్చేసేది.

మా ఊళ్ళో అందరూ అన్నదమ్ముల్లా కలిసిమెలిసి ఉండేవారని రాసేయడం సులువు. అది పూర్తి నిజం కాదు. టీచరమ్మగారి ముత్తాతల కాలంలో వాళ్ళది ఊరికి దూరంగా ఉన్న పేట. బడిలో పక్కపక్కన కూర్చోడానికి వాళ్ళకి మిషన్ కావలసి వచ్చింది. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య గోడ నడుమెత్తే, గిన్నెలు రోజూ అటూ ఇటూ తిరిగేవి. అయినా నాయనమ్మ వాళ్ళ అరుగు మీద కూర్చునేదే తప్ప గడప దాటేది కాదు. టీచరమ్మగారు "వదినగారూ, లోపలికి రండి" అని ప్రతిసారీ అనేది. ఈవిడ "ఫరవాలేదండీ, ఇక్కడ గాలి బాగుంది" అని ప్రతిసారీ అనేది. ఇద్దరికీ తెలుసు, గాలి సంగతి కాదని. క్రిస్మస్ శనివారం పడితే టీచరమ్మగారు మాకు కోడికూర బదులు పులిహోర చేసి పంపేది, నాయనమ్మ శనివారం నీచు ముట్టదని. అంత పట్టింపుగా గుర్తుపెట్టుకున్న మనిషి గడప దగ్గర ఆగిపోవడం ఇప్పుడు తల్చుకుంటే నాకు కష్టంగానే ఉంటుంది.

1986 ఆగస్టు వరద మా తరం ఎవరికీ మర్చిపోయేది కాదు. రేడియోలో పూటపూటకీ భద్రాచలం దగ్గర నీటిమట్టం చెప్పేవారు. ఎక్కీ ఎక్కీ 75.6 అడుగులకి వెళ్ళింది. ధవళేశ్వరం నుంచి సుమారు 35 లక్షల క్యూసెక్కులు సముద్రంలోకి వదిలారు. ఆ అంకె ఎంతో మాకేం తెలుసు? గట్టు మీద పెద్దవాళ్ళ మొహాలు చూస్తే తెలిసేది. అక్కడ అంత ఉంటే ఇక్కడికి రేపు ఏ వేళకి వస్తుందని వేళ్ళ మీద లెక్కలు. మగవాళ్ళు రాత్రుళ్ళు లాంతర్లు పట్టుకుని గట్టు వెంట తిరిగారు, ఎక్కడైనా నీరు ఊరుతుంటే ఇసుక బస్తాలు వెయ్యడానికి. గోదారి ఎర్రగా, కొట్టుకొచ్చిన చెట్లతో, పాకల కప్పులతో, చచ్చిన పశువులతో పోతూ ఉంది. నాయనమ్మ పసుపూ కుంకుమా రవికల గుడ్డా పట్టుకెళ్ళి గట్టు మీంచి వేసి, "శాంతించు తల్లీ" అని వచ్చింది. టీచరమ్మగారు తన మెట్ల మీదే మోకరించి ప్రార్థన చేసింది. మా చిన్నాన్న మాత్రం "ఇద్దరూ కాటన్ దొరక్కూడా ఓ దణ్ణం పెట్టండి, ఆనకట్ట ఆయనదే" అన్నాడు. ఆ టెన్షన్‌లోనూ అందరం నవ్వాం.

ఆ వరదప్పుడు మేము దగ్గరలోనే ఉన్న బడి మేడ మీదకి చేరాం, వీధంతా. మొదట్లో నాయనమ్మ తన కుంపటి, తన గిన్నె వేరుగా పెట్టుకుని అన్నం వండుకుంది. బియ్యం అయిపోయాక అందరితో పాటు గంగాళంలో వండిన పప్పన్నమే తింది. ఎవరు వండారని అడగలేదు. టీచరమ్మగారు పక్కనే కూర్చుని తింది. ఇదంతా చెబితే, ఆ తర్వాత గడప దాటేసి ఉంటుంది అనుకుంటారు. లేదు. నీళ్ళు తీసి ఇళ్ళు కడుక్కున్నాక మళ్ళీ అరుగు మీదే కూర్చుంది, గాలి బాగుందని. టీచరమ్మగారు నవ్వుకుంది. మనుషులు వరద చెప్పినట్టు మారరు.

కాటన్ సంగతి వచ్చింది కాబట్టి చెప్పాలి. నందన నామ సంవత్సరంలో వచ్చిన పెద్ద కరువు రోజుల తర్వాత, ఏటా ఊరికే సముద్రం పాలయ్యే నీళ్ళని కాలువల్లోకి మళ్ళించాలని పట్టుబట్టి 1847లో ధవళేశ్వరం ఆనకట్ట మొదలుపెట్టి 1852కి పూర్తి చేశాడు. నరసాపురం కాలువ ఆ పుణ్యమే. మా తాతయ్య చిన్నప్పుడు పాలకొల్లు దాకా పడవలోనే వెళ్ళేవారట. లాకుల దగ్గర పడవ ఆగితే బెల్లం జిలేబీ కొనిపెట్టేవారట. గోదారి స్నానానికి సంకల్పం చెప్పే పంతుళ్ళు ఆ దొరని భగీరథుడితో పోల్చి తలుచుకోవడం నేను చెవులారా విన్నాను. విగ్రహాల లెక్క సరేసరి, డెల్టాలో ఏ ఊరి సెంటరుకి వెళ్ళినా కనబడతాడు.

పుష్కరాలకి మేము స్నానం చేసేది వలంధర రేవులో. ఆ రేవుకి ఆ పేరు ఒలందావాళ్ళ, అంటే డచ్చివాళ్ళ, వల్ల వచ్చిందని ఊళ్ళో పెద్దలు చెబుతారు. పదిహేడో శతాబ్దంలోనే డచ్చివాళ్ళు పాలకొల్లులో వర్తకానికి కోఠీ పెట్టారు, వాళ్ళ సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. ఇంగ్లీషువాళ్ళ కోఠీ మా పంటు రేవున్న మాధవాయిపాలెంలో. అక్కడి నేతగుడ్డ ఊరి పేరుతోనే యూరప్‌లో మడపోలం అని అమ్ముడయ్యేది. టేకు గోదారి మీద తేలుతూ వచ్చేది, వడ్రంగులు ఉండేవారు, కాబట్టి తెల్లవాళ్ళు మా ఊళ్ళోనే ఓడలు కట్టించుకునేవారు, బాగుచేయించుకునేవారు. ఇవన్నీ మా బడిలో ఎవరూ చెప్పలేదు. ప్లాసీ యుద్ధం తారీఖు చెప్పారు. కాలేజీలో ఉండగా లైబ్రరీలో పాత జిల్లా గెజిటీరు తిరగేస్తుంటే మా పంటు రేవు పేరు కనబడి, లేచి నిలబడి చదివాను.

సెలవులకి ఇంటికొచ్చి అదంతా గొప్పగా నాయనమ్మకి చెప్పాను. లేసు సూది ఆపకుండానే వింది. "అయితే అప్పుడు మన గుడ్డ కట్టుకున్నారు, ఇప్పుడు మన లేసు పరుచుకుంటున్నారు. అప్పుడు నేసినోళ్ళకి ఏపాటి ఇచ్చారో రాశారా ఆ పుస్తకంలో?" అని అడిగింది. నేను వెతకలేదు. తర్వాత వెతికినా, ఆవిడ అడిగినట్టు, ఒక మనిషికి ఒక రోజుకి ఇంత అని నాకెక్కడా కనబడలేదు.

ఇంకా చెప్పాలంటే ఎంబెరుమన్నార్ కోవెల ఉంది, రామానుజులవారి ఊరైన శ్రీపెరంబుదూరు పోలికలో కట్టిందని చెబుతారు. ధనుర్మాసంలో అక్కడి తెల్లవారుజాము పొంగలి కోసం లేచేవాళ్ళం, పాశురాల కోసం కాదు. పీర్ల పండక్కి నాయనమ్మ మా తలల మీద నీళ్ళు చల్లించి తెచ్చేది. 1850ల్లో ఇక్కడ సబ్ కలెక్టరుగా ఉన్న టేలర్ దొర పేరు మీద హైస్కూలు నడుస్తూనే ఉంది. ఇవన్నీ ఒక్కొక్కటీ ఓ కథ. నాకు తెలిసినంతలో నాయనమ్మకి ఆ కథలన్నీ వేరువేరు అనిపించలేదు.

ఆవిడ 2020 చూడలేదు, అదే మంచిది. ఆ సెప్టెంబరులో ఒక రాత్రి అంతర్వేది రథం షెడ్డులోనే కాలిపోయింది. కరోనా రోజులు, ఎక్కడివాళ్ళం అక్కడే. పొద్దున్నే ఫోన్లో వీడియో. మా పెద్దత్త వెక్కి వెక్కి ఏడుస్తూ, "ఇప్పుడు చెల్లెలి దగ్గరికి దేంట్లో వెళతాడ్రా" అంది. టీవీల్లో రాజకీయ నాయకులు ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. మా అత్త బాధ మాత్రం సారె గురించే. కొత్త రథం చేయించారు, 2021 ఫిబ్రవరి కల్యాణాలకి అది కదిలింది. పెద్దత్త మాస్కు పెట్టుకుని వెళ్ళొచ్చింది. చక్రాలు బాగా తిరిగాయని చెప్పింది.

లేసుకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ వార్త నేనే పెద్దత్తకి ఫోన్ చేసి చెప్పాను. "ముద్ర వచ్చింది సరే, పువ్వుకి రేటు పెరుగుతుందా?" అంది. అచ్చం నాయనమ్మే. చేతిపనికి ఇప్పుడు పిల్లలెవరూ కూర్చోవడం లేదు. మా చెల్లెలి కూతురు బెంగళూరులో ఇంజనీరు. యూట్యూబ్ చూసి క్రోషె నేర్చుకుంటున్నానని అత్తకి ఫొటో పంపింది. ఆ పువ్వు చూసి అత్త, "కుట్టు వదులు, విప్పి మళ్ళీ చెయ్యమను" అని చెప్పమంది.

జిల్లాలు మారాక స్వామి డాక్టర్ అంబేడ్కర్ కోనసీమ జిల్లాలో, మేము పశ్చిమ గోదావరిలో. అప్పుడూ వేరే జిల్లాయే లెండి. మా రేవు దగ్గర వశిష్ఠ మీద వారధి కావాలని మా తాతల నాటి నుంచి అడుగుతున్నారు, నాయకులు శంకుస్థాపనలు కూడా చేశారు. పంటు నడుస్తూనే ఉంది. కోటిపల్లి నుంచి రైలు వస్తుందంటున్నారు, వచ్చాక చూద్దాం.

ఈలోగా 2027 పుష్కరాలకి ఇప్పటి నుంచే బంధువుల ఫోన్లు మొదలయ్యాయి. ఎప్పుడో 2003లో వచ్చి మళ్ళీ మొహం చూపించని వాళ్ళు కూడా, "మన ఇల్లు రేవుకి దగ్గరే కదా" అంటున్నారు. ఇల్లు చూసుకునే మా అన్నయ్య అందరికీ ఒకటే మాట చెబుతున్నాడు: మేడ మీద చాపలు, కింద బకెట్లు, మంచాలు పెద్దవాళ్ళకే. టీచరమ్మగారి అబ్బాయి తమ పైగది కూడా వాడుకోమన్నాడు. పెద్దత్త ఆ గది తనకి కావాలని ముందే చెప్పేసింది, ఫ్యాను కొత్తదట.